వేపచెట్టు కింద నాయన

పాత కారును అమ్ముతారా అని అడగడం మన నెల్లూరు జిల్లాలో ఎంతటి అమర్యాదో అడిగి చూసినవాళ్లకే తెలుస్తుంది. పిల్లనిమ్మని అడిగినా ఇన్ని ప్రశ్నలు వేయరు. అదే కారును ఏళ్ల తరబడి చెట్టు కింద కుళ్లబెట్టడం మాత్రం అమర్యాద కిందికి రాదు. దానిని సెంటిమెంటు అంటారు. ఈ సెంటిమెంటు అనే పదార్థానికి ఇనుమును తినే శక్తి మైపాడు ఉప్పుగాలి కంటే ఎక్కువని నా పరిశీలనలో తేలింది.

ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు పోయే దారిలో, రొయ్యల గుంటల పక్కన, ఒక వేపచెట్టు కింద మార్క్ 4 అంబాసిడర్ ఉండేది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 1979 నుంచి తయారుచేసిన రకం అది; స్టీరింగు పక్కనే గేరు, ముందు భాగంలో ఒకనాటి ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పోలికలు. రంగు తెలుపని యజమాని చెప్పబట్టి నమ్మాను. బాగుచేయించుకుంటాను, ఇస్తారా అని వినయంగానే అడిగాను. ఆయన లుంగీ సర్దుకుని, గొంతు సవరించుకుని, "అబ్బయా, అది కారు కాదు, మా నాయన. నాయన్ని ఎవురన్నా అమ్ముకుంటారా?" అన్నారు.

చేసేది లేక చేతులు కట్టుకుని నాయనగారిని దర్శించుకున్నాను. నాయనగారి బానెట్టు మీద ఉప్పుచేపలు ఆరుతున్నాయి. వాటి నుంచి కారిన నీరు పెయింటు లేచిన ప్రతి చోటా నిలిచి, ఎర్రటి చారలై బంపరు దాకా దిగింది. వెనక సీటులో కోడిపెట్ట పొదిగి ఉంది, తలుపు తీయగానే నన్ను పొడవడానికి వచ్చింది. రెండో తలుపు పాకకు తడికగా వెళ్లింది. డిక్కీ నిండా రొయ్యల మేత ఖాళీ సంచులు, స్టీరింగు మీద చంటిపిల్ల గౌను, ఎడమ వెనక చక్రం ఉండవలసిన చోట ఇటుకలు. చక్రం సంగతి అడిగితే, మంచినీళ్ల తోపుడుబండికి అవసరం వచ్చినప్పుడు తీశామని ఎంతో సహజంగా సెలవిచ్చారు. బతికి ఉండగా కూడా పెద్దాయనది ఇచ్చే చెయ్యేనట. ఇంతలో పక్క గుంటలో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు దివ్యంగా తిరుగుతున్నాయి. వాటి మోటార్లకు రేకు గొడుగులు వేశారు, వేళకు గ్రీజు పెడుతున్నారు. మోటార్లతో ఎవరికీ బంధుత్వం లేదు కదా.

ధర మాట రాగానే నాయనగారి మనవడు సెల్‌ఫోను తీశాడు. 2017లో అంబాసిడర్ అనే పేరును ఫ్రాన్సుకు చెందిన పెజో కంపెనీ 80 కోట్లకు కొన్నది. "ఉత్త పేరే ఎనభై కోట్లు పలికిందన్నా, మనకాడ ఆసామీయే ఉండాడు" అని అతడు లెక్క కట్టాడు. పైగా ఇది వింటేజి అన్నాడు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటితేనే వింటేజి బండి అవుతుందనీ, మార్క్ 4 కార్లలో అన్నిటికంటే పాతదానికైనా 2029 దాకా ఆ యోగం లేదనీ, అప్పుడు 20,000 రూపాయలు కట్టి ప్రత్యేక నంబరు తెచ్చుకున్నా రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదనీ చెప్పాను. కదలకూడదనే నియమాన్ని నాయనగారు ముందునుంచే పాటిస్తున్నారు కనుక వాళ్లకు అందులో ఇబ్బంది కనిపించలేదు.

ఆ తరువాతి వేసవిలో మేత నిల్వచేసే షెడ్డుకు చోటు చాలలేదు. పాత ఇనుప సామాన్ల వ్యాపారిని పిలిపించి, గ్యాస్ కట్టరుతో నాయనగారిని నాలుగు ముక్కలు చేయించి, కాటాకు వేసి, కేజీల లెక్కన అమ్మేశారు. నేనిస్తానన్న దానిలో సగమైనా రాలేదు. ఎందుకు చేశారయ్యా అంటే, "అడ్డంగా ఉండాదబ్బయా" అన్నారు.

ఇక్కడ వ్యంగ్యం రాయడం నాకు చేతకావడం లేదు. ఆ కారు బతికేది! అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడి ఛాసిస్, అంటే అడుగు చట్రం, ఉండదు. నేల రేకూ, తలుపుల కింది గడపలూ కలిసి బండి బరువంతా మోస్తాయి. అవి తుప్పుపట్టి నడుము వంగితే తలుపులు పడవు. కుళ్లినంత మేరా కోసేసి, కొత్త రేకును చేత్తో వంచి అతికే టింకరింగ్ మేస్త్రీలు నెల్లూరు షెడ్లలో ఇంకా ఉన్నారు, తుప్పు మీద పుట్టీ మెత్తి రంగు కొట్టే ఘనులు వేరు. ఆ మేస్త్రీల కొడుకులు షోరూముల్లో విరిగిన బంపరు ఊడదీసి కొత్తది బిగించే పనిలో చేరిపోయారు. ఈ విద్య ఈ తరంతో సరి. పట్టేసిన ఇంజనుకు కూడా, ప్లగ్గు రంధ్రాల్లో డీజిలు పోసి నానబెట్టి మెల్లగా చేత్తో తిప్పితే చాలాసార్లు ప్రాణం వస్తుంది. 2014లో ఫ్యాక్టరీ ఆగిపోయాక మద్రాసు పుదుపేట సందుల్లో గ్రిల్లు కోసం, గేరు రాడ్డు కోసం, ఒక్క తలుపు పిడి కోసం తిరిగే మనుషులున్నారు. అవన్నీ కలిపి కాటాకు వేశారు! దీనిని ప్రేమ అనకండి. ఒళ్లు బద్ధకానికీ, ఉంచితే కోట్లు వస్తాయేమోనన్న పేరాశకూ చచ్చిపోయిన తండ్రిని అడ్డుపెట్టుకున్నారు, సిగ్గు లేకుండా.

ఒంగోలు నుంచి కొత్తపట్నం పోయే దారిలో ఒక ప్రీమియర్ పద్మిని కారు నీలం పట్టా కింద ఉందని కబురు వచ్చింది. ఆమె ఆ ఇంటివారికి మేనత్త వరస అవుతుందట. సరే, అమ్మవద్దు, నేను అడగను. బ్యాటరీ ఊడదీసి, బండిని మట్టి మీద నుంచి లేపి రాళ్ల మీద నిలబెట్టి, ఆ పట్టా మాత్రం ఈ రోజే తీసేయమని ఎవరైనా వెళ్లి చెప్పండి. నేల నుంచి లేచిన చెమ్మ దాని కింద బయటికి పోయే దారి లేక, రాత్రంతా రేకుల మీదే కూర్చుంటోంది.