గుర్రం రక్తం నుంచి హార్మోన్... ఇంకా ఎందుకు?

గొర్రెలు, పందులు, ఆవులు అనుకున్న సమయానికి ఎదకు రావడానికి ఇచ్చే ఇంజెక్షన్లలో పిఎంఎస్‌జి (ప్రెగ్నెంట్ మేర్ సీరం గొనడోట్రోపిన్) ఒకటి. చూడి గుర్రం సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) నుంచి తీసే ఈ ప్రొటీన్ హార్మోన్‌ను 1930లో కాలిఫోర్నియాలో కోల్, హార్ట్ అనే శాస్త్రవేత్తలు గుర్తించారు. మన దేశంలోనూ గేదెలు, గొర్రెల పునరుత్పత్తి పరిశోధనల్లో వాడుతున్నారు. దీనికోసం ఇంకా గుర్రాల రక్తం తోడాల్సిన పని లేదన్నది నా వాదన.

ఈ అణువు బరువులో దాదాపు 45 శాతం చక్కెర గొలుసులే. వాటి చివర్లలో సియాలిక్ ఆమ్లం అనే ఒక రకం చక్కెర ఉంటుంది. అందుకే ఇది మూత్రంలోకి పెద్దగా పోదు, రోజుల తరబడి రక్తంలోనే తిరుగుతుంది. శుద్ధి చేసేవాళ్లకూ ఈ చక్కెర గొలుసులే కలిసొచ్చాయి. సీరంలో మెటాఫాస్ఫారిక్ ఆమ్లం కలిపితే మిగతా ప్రొటీన్లు చాలావరకు అడుగుకు చేరతాయి, హార్మోన్ ద్రవంలోనే నిలుస్తుంది. ఆల్కహాల్ పోసి దాన్ని విడదీసి, విద్యుదావేశాన్ని బట్టి అణువులను వేరుచేసే అయాన్ మార్పిడి కాలమ్‌లోంచి పంపుతారు. సియాలిక్ ఆమ్లం ఊడితే మాత్రం కాలేయం హార్మోన్‌ను వెంటనే లాగేసుకుంటుంది, మందు పనికిరాదు. అందుకే దాన్ని ఊడగొట్టే ఘాటు ఆమ్లం, వేడి విషయంలో అంత జాగ్రత్త. బయోకెమిస్ట్రీ పరంగా ఇది గొప్ప పనే, కాదనను.

కానీ ఆ సీరం ఎక్కడిది? గర్భం సుమారు 40వ రోజు నుంచి 120వ రోజు వరకే హార్మోన్ దొరుకుతుంది. ఐస్‌లాండ్‌లో ఆ కాలంలో వారానికి 5 లీటర్ల రక్తం చొప్పున 8 వారాల వరకు తీస్తారు. అక్కడి చిన్న జాతి గుర్రం ఒంట్లో ఉండేదే సుమారు 30 లీటర్లు. మన రక్తదాన శిబిరంలో ఒక్క యూనిట్ ఇచ్చిన మగవారిని మూడు నెలలు ఆగమంటారు. ఇక్కడ కడుపుతో ఉన్న జీవికి వారమే గడువు!

కృత్రిమంగా చేస్తే చక్కెర గొలుసులు సరిగా రావన్న అభ్యంతరం ఒకప్పుడు న్యాయమైనదే. ఇప్పుడు జన్యుమార్పిడి కణాల్లో తయారైన రూపం అర్జెంటీనాలో మార్కెట్లోకే వచ్చింది. పంది, పశువుల క్లోమాల నుంచి తీసే ఇన్సులిన్‌కు 1982లోనే ప్రత్యామ్నాయం అమ్మకానికి వచ్చిందని మరవొద్దు. గొర్రెల్లో అయితే పొట్టేలును కొన్నాళ్లు దూరంగా ఉంచి ఒక్కసారిగా మందలోకి వదిలినా చాలా గొర్రెలు ఎదకు వస్తాయి.

పశుసంవర్ధక శాఖలు, పరిశోధన సంస్థలు ఈ మందు కొనేటప్పుడు టెండరులో ఒక షరతు పెట్టాలి: హార్మోన్ ఏ మూలం నుంచి వచ్చిందో సీసాపై రాయాలి, కణాల్లో తయారైనది దొరికితే దానికే ముందు అవకాశం ఇవ్వాలి.