ఎడమ కాలికి న్యాయం కావాలి

బెజవాడ పోరాటాల ఊరు. అలంకార్ సెంటర్ ధర్నా చౌక్‌లో టెంటు వేయని వర్గం ఏదన్నా మిగిలి ఉంటే అది ఎడమ కాలు ఒక్కటే. ఆటోమేటిక్ గేర్‌బాక్సులు వచ్చాక కారు నడిపేవాళ్ల ఎడమ కాళ్లకు పని పోయింది. నోటీసు లేదు, నష్టపరిహారం లేదు. క్లచ్ పెడల్ పీకేసి, పక్కన ఎప్పట్నుంచో ఉన్న కాలు ఆన్చుకునే పలక చూపించి, ‘ఇక దీని మీద కూర్చో’ అన్నారు. వీఆర్ఎస్ ప్యాకేజీ మొత్తం అదే.

మామూలు కార్ల జోలికి మనం పోవడం లేదు. సాయంత్రం ఆరింటికి బెంజ్ సర్కిల్ నుంచి రామవరప్పాడు రింగు దాకా హాఫ్ క్లచ్ మీద పాక్కుంటూ వెళ్లి మోకాలు పట్టేసినవాడు క్లచ్ పని తనే చూసుకునే ఏఎంటీ గేర్‌బాక్సు కారు కొనుక్కుంటే అతన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. మన ఆందోళన పెర్ఫార్మెన్స్ కార్ల గురించి. అంటే నాలుగు సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకోగలిగి, బందరు రోడ్డు మీద మాత్రం షేర్ ఆటో వెనక సెకండ్ గేరులో ఊరేగే కార్ల గురించి.

2023లో బీఎండబ్ల్యూ ఎం2 మన దేశానికి వచ్చింది. 460 హార్స్‌పవర్. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ అయితే సున్నా నుంచి వందకు 4.1 సెకన్లు. ఆరు గేర్ల మాన్యువల్ అయితే 4.3. అప్పట్లో మాన్యువల్ కావాలంటే మరో లక్ష అదనం. మరోసారి చదవండి. ఎక్కువ డబ్బు కట్టి, ఒక పెడల్ ఎక్కువ తొక్కి, ఆలస్యంగా చేరడం! దీన్ని పిచ్చి అనేవాళ్లు ఉన్నారు. నా మటుకు, ఆటోమొబైల్ చరిత్రలో ఎడమ కాలికి జీతం కట్టి మరీ ఉద్యోగం ఇచ్చిన ధర్మదాతలు వీళ్లే అనిపిస్తుంది. ఆ 0.2 సెకను తేడాతో గుంటూరులో ఎవరి ముహూర్తమూ తప్పిపోదు. పైగా నాలుగు వరసల రహదారి మీద కార్లకు కేంద్రం 2018లో నోటిఫై చేసిన గరిష్ఠ వేగం గంటకు 100. కాబట్టి వారధి దాటిన నాలుగో సెకనుకే మీ పెర్ఫార్మెన్స్ చట్టప్రకారం ముగిసిపోతుంది. మిగతా దారంతా కాజ టోల్‌గేట్ కోసం ఎదురుచూడ్డమే.

అసలు ఈ కార్లకు మన ఊళ్లో జరిగే మొదటి పెర్ఫార్మెన్స్ టెస్టు హైవే మీద కాదు, దుర్గ గుడి దగ్గర. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. జర్మనీలో టెస్టు ట్రాకుల మీద తిరిగొచ్చిన 460 గుర్రాలు జీవితంలో తొలిసారి చెయ్యాల్సిన ఘనకార్యం వాటిని తొక్కడం. మాన్యువల్ వాడు ఇక్కడ బతికిపోతాడు. హాఫ్ క్లచ్ మీద అంగుళం కదిలిస్తే చాలు, కాయ చిట్లుతుంది, పంతులుగారు తృప్తిగా తల ఊపుతారు. ఆటోమేటిక్‌లో అయితే బ్రేకు మీద కాలు ఎంత తీయాలో తెలియక యజమాని చెమటలు కక్కుతాడు. “అయ్యా, మెల్లగా పోనివ్వండి” అని పంతులుగారు, “స్పోర్ట్ మోడ్ తీసెయ్ నాన్నా” అని కూతురు, “ముందు పిల్లల్ని పక్కకు లాగండి” అని మామగారు. ఆగి ఉన్న కారును ఒక్కసారిగా దూకించే లాంచ్ కంట్రోల్ అనే సదుపాయానికి లక్షలు పోసినవాడు కూడా దాన్ని నిమ్మకాయ మీద ప్రయోగించిన దాఖలా లేదు.

లాంచ్ కంట్రోల్ దగ్గర ఎడమ కాలికి చిన్న కూలి దొరుకుతుందని ఒప్పుకోవాలి. ఎడమ కాలితో బ్రేకు గట్టిగా అదిమి, కుడి కాలితో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, బ్రేకు టక్కున వదలాలి. కారు ఎగిరిపోతుంది. సంవత్సరానికి ఒకటి రెండు సార్లు, అదీ ఖాళీ రోడ్డు దొరికితే. దీన్ని ఉద్యోగం అనరు, క్యాజువల్ లేబర్ అంటారు. ఇక పాత అలవాటు చావక, లేని క్లచ్ కోసం వెతికి వెడల్పాటి బ్రేకు పెడల్ మీద దబ్బున పడే ఎడమ కాళ్ల గురించి చెప్పనే అక్కర్లేదు. ఉద్యోగం పోయిన మనిషి పొద్దున్నే క్యారేజీ పట్టుకుని అదే ఆఫీసుకు వచ్చేసినట్టు ఉంటుంది. వెనక వచ్చే ఆటోవాడికి మాత్రం ఆ కార్మికుడి మీద సానుభూతి ఉండదు.

ఈ కుట్ర ఎక్కడ మొదలైందో రికార్డుల్లో ఉంది. 1989 మార్చి, బ్రెజిల్ గ్రాండ్ ప్రి అనే ఫార్ములా వన్ కార్ల రేసు. ఫెరారీ 640 కారులో స్టీరింగ్ వెనక రెండు మీటలు పెట్టారు. వేలితో లాగితే గేరు మారుతుంది. టెస్టుల్లో ఆ గేర్‌బాక్సు ఒకటే మొండికేసింది. రేసు పూర్తి కాదన్న ధీమాతో దాన్ని నడిపే నైజెల్ మాన్సెల్ ముందు ఫ్లైటుకే ఇంటికి టికెట్ బుక్ చేసుకున్నాడట. ఆ రోజన్నా అది చెడిపోయి ఉంటే మన కాళ్లు బాగుపడేవి. చెడలేదు. మాన్సెల్ గెలిచాడు, కొంప ముంచాడు. 1997లో ఆ మీటలు ఫెరారీ ఎఫ్355తో రోడ్డు మీదికి వచ్చాయి. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32లో డ్యుయల్ క్లచ్ వచ్చింది. ఒక క్లచ్ బేసి గేర్లకు, ఇంకొకటి సరి గేర్లకు. మీరు మూడులో ఉండగానే నాలుగు సిద్ధంగా ఉంటుంది. మనిషి గేరు మార్చాలనుకుని, కాలు ఎత్తి, చెయ్యి కదిపేలోగా దాని పని అయిపోయి అది తర్వాతి గేరు సంగతి చూస్తుంటుంది. వేగంలో దీనితో పోటీ పడగలనని చెప్పే మాన్యువల్ వీరుడు ఎవరైనా ఉంటే, ఆయన స్నేహితుల మధ్య మాత్రమే ఆ మాట చెప్పడం మంచిది.

అయితే యంత్రానికీ ఒక బలహీనత ఉంది, దాన్ని బయటపెట్టే సత్తా మే నెల బెజవాడకు ఉంది. నూనెలో మునిగి పనిచేసే క్లచ్‌లు ఫరవాలేదు. పొడి క్లచ్ ఉన్న డ్యుయల్ క్లచ్ కార్లు ఎండలో, ట్రాఫిక్‌లో అడుగు అడుగు కదులుతుంటే వేడెక్కి అలిగిపోతాయి. మాన్యువల్ క్లచ్ ప్లేటు కూడా కాలుతుంది కానీ అది కాలితే వాసన వస్తుంది. ఆటోనగర్‌లో ఆ వాసన పట్టి, బోనెట్ ఎత్తకుండానే “ప్లేటు పోయింది బాబాయ్, రేపు సాయంత్రం రండి” అనే మేస్త్రీలు బోలెడుమంది. డ్యుయల్ క్లచ్‌కు ల్యాప్‌టాప్ తగిలిస్తే గానీ జబ్బు తెలియదు. తెలిశాక యజమానికి జబ్బు చేస్తుంది.

“బావా, మాన్యువల్ తీస్కో. కంట్రోల్ మన చేతిలో ఉంటుంది” అంటాడు బావమరిది.

“కంట్రోల్ సరేరా, మీ అక్కను అడిగావా?”

సమస్త చర్చా ఇక్కడ ఆగుతుంది. అక్క నేర్చుకున్నది ఆటోమేటిక్‌లో మరి. ఈ దేశంలో మోటార్ సైకిల్‌కు గేరుతో ఒకటి, గేరు లేకుండా ఒకటి అని రెండు రకాల లైసెన్సులు ఉన్నాయి. కారుకు లేవు. ఆటోమేటిక్‌లో నేర్చుకున్నవాళ్లకూ చట్టం దృష్టిలో క్లచ్ వచ్చినట్టే. స్కూటీకి ఇచ్చిన గౌరవం కూడా ప్రభుత్వం ఎడమ కాలికి ఇవ్వలేదు.

పోరాడితే ఫలితం ఉంటుందనడానికి ఒక్క ఉదాహరణ ఉంది. 2013లో పోర్షా కంపెనీ తన 911 జీటీ3 కారుకు మాన్యువల్ తీసేసింది. ట్రాకు మీద డ్యుయల్ క్లచ్చే వేగం అంది. చెప్పింది నిజమే. అయినా అభిమానులు గోల పెట్టారు. 2016లో కంపెనీ దిగొచ్చి మాన్యువల్ మాత్రమే ఉన్న 911 ఆర్ అనే కారు చేసింది, మొత్తం 991. వాటి ధరలు చేతులు మారేకొద్దీ ఆకాశానికి వెళ్లాయి. 2017లో జీటీ3కి మాన్యువల్ తిరిగొచ్చింది. టెంటు లేదు, మైకు లేదు, నిమ్మరసం తాగించి దీక్ష విరమింపజేసిన నాయకుడూ లేడు. మన దగ్గర మాత్రం 2025లో గోల్ఫ్ జీటీఐ వచ్చింది, స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ వచ్చింది. రెండింటిలోనూ క్లచ్ పెడల్ లేదు. ఒక్క ఎడమ కాలూ రోడ్డెక్కలేదు. బెజవాడ పరువు పోయింది.

ఇప్పుడు కరెంటు కార్లొచ్చాయి. వాటికి అసలు గేర్లే అక్కర్లేదు. అయినా హ్యుందాయ్ ఐయానిక్ 5 ఎన్‌లో లేని గేర్లను ఉన్నట్టు నటించే ఏర్పాటు పెట్టారు. మీట లాగితే కారు చిన్న కుదుపు ఇస్తుంది, స్పీకర్లలోంచి ఇంజిన్ అరుస్తుంది. ఆ నాటకంలో కూడా చేతివేళ్లకే వేషం. టొయోటా ఇంకాస్త ముందుకెళ్లి, క్లచ్ పెడల్, గేర్ రాడ్ ఉన్న కరెంటు కారును ప్రయోగంగా చేసింది. ఆ పెడల్‌కు కింద తొక్కాల్సిన క్లచ్ ఏదీ ఉండదు. కానీ సరిగా తొక్కకపోతే బండి ఆగిపోయినట్టు చేస్తుంది. అంటే వేళకు రావాలి, తొక్కాలి, తొక్కినందువల్ల ఏదీ కదలదు, తొక్కకపోతే మాత్రం మెమో ఇస్తారు.

ఇలాంటి పోస్టుల కోసమే కదా మన కోచింగ్ సెంటర్లలో కుర్రాళ్లు ఏళ్ల తరబడి చదువుతున్నది. నోటిఫికేషన్ ఇవ్వండి, ఎడమ కాళ్లు దరఖాస్తు చేసుకుంటాయి.