శ్రీయుత స్టాండర్డ్ సైజు గారికి

పర్లాకిమిడి నుంచి

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. తమర్ని నమ్మిన పాపానికి మా సైకిల్ మాత్రం మూడు నెలలు వరండాలో తలకిందులుగా నిలబడింది.

మా మేనమామ కలకత్తాలో ఉండగా సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఇంగ్లీషు టూరింగ్ సైకిల్ అది. వెనక అయిదు గేర్ల ఫ్రీవీల్, ముందు పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్. కొమ్ముపనికి పేరున్న ఊరు మాది, అయినా వీధి పిల్లలు దాన్ని చూసి "హ్యాండిల్ తిరగబడిపోయిందేటండీ?" అనే అడుగుతారు. దాన్ని బాగుచేయించి, ఒడిశా బోర్డర్ దాటి ఆంధ్రాలోని పాతపట్నంలో టీ తాగి రావాలని నా సరదా.

పాత టైరు మీద 27 × 1¼ అని ఉంది. షాపాయన చూసి, "ఇరవయ్యేడు రావట్లేదు బాబూ, ఇరవయ్యెనిమిది వేసుకో. ఒక్క నంబరే కదా, హెయిజిబొ" అన్నాడు. మా ఊళ్లో తెలుగువాడైనా ఈ మాట ఒడియాలోనే అంటాడు. తెలుగులో "అయిపోద్ది" అంటే బాధ్యత మీద పడుతుందని కాబోలు.

అది పాలవాళ్ల సైకిళ్లకు వేసే 28 × 1½. దాని అసలు కొలత 635 మిల్లీమీటర్లు, నా రిమ్ముది 630. గాలి కొడుతుంటే ట్యూబు పక్కనుంచి పూరీలా పొంగి, ఢామ్మని పేలింది. పక్కింటి పిన్నిగారు గ్యాస్ సిలిండర్ అనుకుని వీధిలోకి పరిగెత్తారు.

బుద్ధొచ్చి ఆన్‌లైన్‌లో తెప్పించాను. దాని మీదా 28 అనే ఉంది. కాకపోతే ఆ 28 అంటే 700సి అనే ఇంకో సైజు, అంటే 622! ఈసారి రిమ్ము ఎక్కనే లేదు. నా బొటనవేలి గోరు మాత్రం ఊడింది. ఒకే 28, ఓసారి 27 కంటే పెద్దది, ఓసారి చిన్నది. ఇలాంటి లెక్క ఇదివరకు పెళ్లిచూపుల్లో అబ్బాయి వయసు దగ్గరే విన్నాను.

తమరి అసలు పేరు టైరు పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుందని అప్పుడు తెలిసింది. 32-630. ముందుది టైరు వెడల్పు, వెనకది రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం. ఇంత నిజం దగ్గర పెట్టుకుని, పెద్దక్షరాల్లో ఆ అబద్ధం ఎందుకండీ? మా నౌపడ–గుణుపూర్ రైలు లైను 762 మిల్లీమీటర్ల నారో గేజ్ నుంచి 1676 బ్రాడ్ గేజ్‌కి మారింది. అక్కడెవరూ "ఒక్క నంబరే కదా" అని ఇంజను చక్రాలు సాగదీయలేదు, పట్టాలే పీకి కొత్తవి వేశారు.

రెండు పెడళ్ల మధ్య ఫ్రేములో తిరిగే ఇరుసు సంగతి ఇంకో కథ. దాన్ని పట్టి ఉంచే కుడివైపు మరకప్పు విప్పుదామని నేనూ మా బావమరిదీ పానా వేసి, దానికి నీళ్ల పైపు తొడిగి, ఇద్దరం వేలాడాం. కిరసనాయిలు పోశాం. సుత్తి వేశాం. పైపు వంగింది గానీ కప్పు కదల్లేదు. మేస్త్రి వచ్చాడు. కాసేపు మా చెమటలు చూసి, "ఇంకా బిగించాలా బాబూ?" అన్నాడు. ఇంగ్లీషు మరలో కుడి కప్పుది ఎడమచేతి వాటం, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. తొక్కగా తొక్కగా తనంతట తనే వదులవకుండా అలా పెట్టారట. మేం గంటసేపు బిగించినదాన్ని విప్పడానికి ఆయనకి ఇంకో గంట పట్టింది. ఆ కూలీ తమరి ఖాతాలో రాశాను.

చివరికి 32-630 టైర్లు దొరికాయి. ఇప్పుడు సీటు గొట్టం. 26.8 మిల్లీమీటర్ల లావుది కావాలి, దొరికింది 26.6. ఆ 0.2 కోసం కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి ఒక చుట్టు చుట్టాం. తొక్కుతుంటే మెల్లగా దిగుతోంది. మొన్న పాతపట్నం చేరేసరికి నా మోకాళ్లు ఛాతీ దాకా వచ్చేశాయి. టీ కొట్టాయన గ్లాసు అందిస్తూ, "మీ అబ్బాయి సైకిలా బాబూ?" అన్నాడు.

ఇట్లు,
తమ విధేయుడు (630 మిల్లీమీటర్లు)