టెయిల్ ఎండ్‌కు చుక్క రానివ్వనివాళ్లు అమెరికాకు కావాలి

సూర్యుడిలోలా పరమాణు కేంద్రకాలను కలిపి తీసే ఫ్యూజన్ కరెంటు ఇంకా ఎందుకు రాలేదో మిర్యాలగూడ వైపు ఏ కాలువ కట్ట మీద అడిగినా చెప్పేవాళ్లు, అడిగే సైంటిస్టే దొరకలేదు.

మ్యాగ్నెటిక్ మిర్రర్ అని ఒక పద్ధతుంది. కోట్ల డిగ్రీల వేడి ప్లాస్మాను (విద్యుదావేశమున్న కణాల వాయువును) ఏ పాత్రా ఆపలేదు కాబట్టి దాన్ని అయస్కాంత క్షేత్రంలో బంధించి, రెండు చివర్లా ఆ క్షేత్రాన్ని బాగా పెంచుతారు. సుళ్లు తిరుగుతూ వచ్చిన కణం అక్కడ ముందుకు పోయే వేగం తగ్గి, ఆగి, వెనక్కి మళ్లుతుంది. కానీ సుడి తక్కువగా, తిన్నగా దూసుకొచ్చేవి ఆగవు, బయట పడతాయి. లోపల మిగిలినవి ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఇంకొన్నిటిని అదే దారి పట్టిస్తాయి. అంటే టెయిల్ ఎండ్‌కు ధారాళంగా పారుతుందన్నమాట, అదీ రెండు వైపులా! 1950లలో అమెరికాలో రిచర్డ్ పోస్ట్, రష్యాలో బుడ్కర్ మొదలుపెట్టిన తలనొప్పి ఇది.

మా మేజర్ కాలువ చూడండి. తూము ఎత్తుతారు, నీళ్లొస్తాయి, దారిలో మోటార్లు, గండ్లు, రాత్రికి రాత్రి లేచే అడ్డుకట్టలు. చివరి భూములకు చుక్క రాదు. టెస్లాల్లో కొలిచే అయస్కాంతాలు లేవు, సూపర్ కండక్టర్లు లేవు, ఉన్నదల్లా తూములు చూసుకునే ఒక లష్కర్, ఆయన సెల్‌ఫోన్, అదీ ఎక్కువగా స్విచ్చాఫ్.

అమెరికాలోని లివర్‌మోర్ ల్యాబ్‌లో 37.2 కోట్ల డాలర్లతో ఎంఎఫ్‌టీఎఫ్-బీ అనే భారీ మిర్రర్ యంత్రం కట్టారు. 1986 ఫిబ్రవరి 21న ప్రారంభోత్సవం చేసి, బడ్జెట్ లేదని మర్నాడే మూసేశారు, ప్రయోగం ఒక్కటీ చేయకుండానే. పూర్తిగా కట్టాక మూయడమేంటండీ, అనుభవం లేకపోతే ఇంతే! మన దగ్గరైతే శిలాఫలకం దగ్గరే ఆపి అంత డబ్బూ మిగిల్చేవాళ్లు.

టోకమాక్ అనే ఇంకో రకం ఫ్యూజన్ యంత్రం వాళ్లు మాత్రం అసలు చివర్లే లేకుండా గుండ్రంగా వంచేశారు. (ఈ సంగతి మన ఇంజనీర్ల చెవిన వేయకండి, కాలువకూ ఎస్టిమేట్ వేస్తారు.)

2024 జులైలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో వామ్ అనే కొత్త మిర్రర్ యంత్రం 17 టెస్లాల అయస్కాంతాలతో తొలి ప్లాస్మా చూసింది. వాళ్ల కోసమే ప్రజావాణికి అర్జీ రాసి పెట్టుకున్నా: మా లష్కర్‌ను డిప్యుటేషన్ మీద పంపాలి, టీఏ డీఏలు వాళ్లే భరించాలి, వానాకాలం నాట్లకు ముందే విమానం ఎక్కించాలి, ఎన్నేళ్లు ఉంచుకున్నా చివరి ఆయకట్టు రైతులకు అభ్యంతరం లేదు.