పీడీఎఫ్ గారికి ఒక మిలీనియల్ విన్నపం

మహారాజశ్రీ పీడీఎఫ్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా మా ఫోన్లలో, ల్యాప్‌టాపుల్లో, గూగుల్ డ్రైవుల్లో, టెలిగ్రామ్ చానళ్లలో క్షేమంగానే ఉన్నారని తలుస్తున్నాం. తెరిచి చూసి చాలాకాలమైంది కనుక తలవడమే తప్ప ఖాయంగా చెప్పలేం.

ముందు మన చుట్టరికం సంగతి. 1981కీ 1996కీ మధ్య పుట్టినవాళ్లు మిలీనియల్స్ అని అమెరికాలోని ప్యూ రిసెర్చ్ సెంటర్ వారు గీత గీశారు. మీరు పుట్టింది 1993లో, అడోబీ కంపెనీలో. అంటే మీరూ మా బ్యాచే. ఏ కంప్యూటర్లో తెరిచినా, ఏ ప్రింటర్లో తీసినా కాయితం ఒకేలా కనబడాలన్న కోరికతో మిమ్మల్ని కన్నారు. మొదట్లో మిమ్మల్ని తెరిచే సాఫ్ట్‌వేర్‌ను డబ్బుకే అమ్మారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఉచితం చేశాక లోకమంతా ఎగబడింది. మన రెండు జాతకాలూ కలిసింది అక్కడే.

మా తరం పుస్తకాలు చదవదని పెద్దవాళ్లు అంటుంటారు. నమ్మకండి. నిద్ర లేచింది మొదలు చదువుతూనే ఉంటాం. ఆఫీసు మెయిళ్లు, మేనేజర్ మెసేజీలు, అపార్ట్‌మెంట్ గ్రూపులో వాటర్ ట్యాంకర్ గొడవ, బిర్యానీ ఆర్డర్ పెట్టేముందు దాని మీద రివ్యూలు, ఆ రివ్యూల కింద తిట్లు. హోమ్ లోన్ కాయితాలు తప్ప అన్నీ చదువుతాం. ఒక్క రోజులో కళ్ల ముందు నుంచి పోయిన మాటలన్నీ పోగేస్తే చిన్న నవల అంత ఉంటుంది. కాకపోతే అందులో కథ ఉండదు, ముగింపూ ఉండదు.

పుస్తకాల విషయానికొస్తే మాకు అక్షరాభ్యాసం అమీర్‌పేటలో జరిగింది. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో జావా, ఒరాకిల్, డాట్‌నెట్ రన్నింగ్ నోట్సు కట్టలు కట్టలుగా అమ్మిన జిరాక్స్ షాపులే మా గ్రంథాలయాలు. క్లాసులో మొదటి బెంచీలో కూర్చుని ఎవరో అమ్మాయి గుండ్రటి దస్తూరీతో రాసుకున్న నోట్సు, జిరాక్స్ మీద జిరాక్స్ పడి, అక్షరాలు సగం చెరిగిపోయి, ఎందరికో ఉద్యోగాలిప్పించింది. ఆ అమ్మాయి పేరు ఎవరికీ తెలియదు. ఆమెకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు కూడా. రాసినవాళ్లకు డబ్బివ్వాలన్న పాఠం మా సిలబస్‌లో ఏ సెమిస్టర్‌లోనూ లేదు. ఆ తర్వాత 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటాను నల్లా నీళ్లలా వదిలింది. జిరాక్స్ షాపు మా జేబులోకే వచ్చేసింది. మీ దశ తిరిగింది.

మా అమ్మల కాలం వేరు. వారపత్రిక ఒక ఇంట్లో కొంటే నాలుగిళ్లు తిరిగేది. సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచుకుని, కథ అయిపోయాక దబ్బనంతో కుట్టుకునో బైండింగ్ చేయించుకునో తమ నవల తామే తయారుచేసుకునేవాళ్లు. పేజీ వెనకవైపు వంకాయ కూర, తలనొప్పి మాత్రల ప్రకటన కూడా నవలలో భాగమైపోయేవి. ఇక అద్దె పుస్తకాల షాపుంటే సరేసరి. రోజుకింత అని అద్దె. రేపు తిరిగివ్వకపోతే ఇంకో రోజు అద్దె పడుతుంది కాబట్టి ఈ రాత్రికే, పొయ్యి మీద పాలు పొంగినా సరే, పూర్తి చెయ్యాలి. పాపం, ఎంత టెన్షన్! మీరు ఆ బాధ తప్పించారు. మిమ్మల్ని ఎవరికీ తిరిగివ్వక్కర్లేదు. కాబట్టి ఎప్పటికీ చదవక్కర్లేదు.

మా సేకరణ చూస్తే మీకే గర్వంగా ఉంటుంది. పొద్దున ఐదింటికి లేస్తే జీవితం మారిపోతుందని చెప్పే పుస్తకాన్ని రాత్రి రెండింటికి డౌన్‌లోడ్ చేస్తాం. ఫోన్ పక్కన పెట్టడమెలాగో చెప్పే పుస్తకాన్ని ఫోన్‌లోనే దాచుకుంటాం. డబ్బు ఎలా పోగెయ్యాలో చెప్పే పుస్తకాన్ని డబ్బు పెట్టి కొనకపోవడం చూస్తే, మొదటి అధ్యాయం తెరవకుండానే మాకు వంటబట్టిందని తేలిపోతుంది. తీరిక లేనివాళ్ల కోసం ఆ పుస్తకాల సారాంశం పావుగంట వీడియోలో దొరుకుతుంది. సైబర్ టవర్స్ దగ్గర ట్రాఫిక్‌లో దాన్ని ఒకటిన్నర రెట్ల వేగంతో వింటాం. కారు కదలదు, పుస్తకం మాత్రం పూర్తవుతుంది.

మేం చందమామ చదివి పెరిగిన వాళ్లమని ప్రతి పండక్కీ స్టేటస్ పెడతాం కదా. 1947 జూలై నుంచి వచ్చిన సంచికల స్కానులు పోగేసి ఒక ఫోల్డర్‌లో భద్రంగా ఉంచాం. పిల్లలకు చూపిద్దామని. పిల్లలు యూట్యూబ్ చూస్తున్నారు, ఇప్పుడు కదిలిస్తే ఏడుస్తారు.

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్ వస్తుంది. మేం తప్పకుండా వెళతాం. ఎన్టీఆర్ స్టేడియం గేటు దగ్గర ఒక సెల్ఫీ, లోపల మిర్చి బజ్జీ, టీ, స్టాళ్ల మధ్య పాత స్నేహితులు. నచ్చిన పుస్తకం కనిపిస్తే తిరగేసి, వెల చూసి, కవరు ఫోటో తీస్తాం. స్టాలువాళ్లు మురిసిపోతారు, పుస్తకానికి ప్రచారం కల్పిస్తున్నామనుకుని. ఆ ఫోటో అక్కడే నిలబడి గ్రూపులో పెడతాం: 'ఫ్రెండ్స్, ఇది ఎవరి దగ్గరైనా పీడీఎఫ్ ఉందా?' కింద 'నాకు కూడా', 'నాకూ కావాలి', 'ఫాలోయింగ్' అని వరస. రెండు వందల రూపాయల పుస్తకం కోసం ఇంతమంది క్యూ కట్టడం చూస్తే తెలుగు సాహిత్యానికి భవిష్యత్తు లేదని ఎవరంటారు? పార్కింగుకీ బజ్జీలకీ అంతకంటే ఎక్కువే అవుతుంది. అది వేరే పద్దు.

ఇక్కడ మా నీతి గురించి రెండు మాటలు చెప్పాలి. అభిమాన హీరో సినిమా విడుదలైన రోజు థియేటర్ ప్రింట్ ఎక్కడైనా బయటికొస్తే మా రక్తం మరుగుతుంది. 'పైరసీని ప్రోత్సహించకండి' అని పోస్టులు, లింకులు పెట్టినవాళ్ల మీద ఫిర్యాదులు. సినిమా వెనక వందల మంది కష్టం ఉంటుందని చెమర్చిన కళ్లతో రాస్తాం. పుస్తకం వెనక ఒక్కడే ఉంటాడు కాబట్టి అది పైరసీ కిందికి రాదు. దాన్ని జ్ఞానదానం అంటాం. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ఒకటుంది. రచయిత బతికున్నన్నాళ్లూ, పోయాక మరో 60 ఏళ్లూ హక్కు ఆయనకూ ఆయన వారసులకూ ఉంటుందని అది అంటుంది. దాని పీడీఎఫ్ కూడా మా దగ్గరుంది.

మిమ్మల్ని మరీ ఆడిపోసుకోకూడదు. మీరు చేసిన మేలు చిన్నది కాదు. చిత్తూరు జిల్లాలో పుట్టి అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ప్రొఫెసరై, 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయాలని పూనుకున్నారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద మన దగ్గర హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కూడా ఆ పని సాగింది. అచ్చులో ఎన్నడో ఆగిపోయి, ఊరి గ్రంథాలయంలో చెదలు తింటున్న తెలుగు పుస్తకాలు ఈరోజు ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్‌లో దొరుకుతున్నాయంటే ఆ పుణ్యమే. కొన్ని పేజీలు తలకిందులుగా ఉంటాయి, కొన్ని అసలుండవు. పేరు ముందు '2015', చుక్క, ఆరంకెల సంఖ్య, ఆపైన ఏ తెలుగువాడూ పలకలేని ఇంగ్లీషు స్పెల్లింగు. అయినా డల్లాస్‌లో కూర్చుని తాతగారి కాలంనాటి పుస్తకం వెతుక్కునేవాడికి అది దొరికితే దేవుడు దొరికినట్టే. అలా వెతుక్కునేవాళ్లు చదువుతారు కూడా. ఆ పుస్తకాలకూ, మొన్న నవంబరులో అచ్చయిన కథల సంపుటికీ తేడా చూడకపోవడంలోనే మా సమభావం ఉంది.

మీతో కాపురంలో చిన్న చిన్న ఇబ్బందులు లేకపోలేదు. అచ్చు పుస్తకం డెమ్మీ సైజు పేజీని ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చీమలబారు. వేళ్లతో సాగదీస్తే వాక్యం సగం తెర బయటికి పోతుంది. కుడికి జరిపి సగం చదివి, ఎడమకు జరిపి మిగతా సగం చదివేసరికి మొదటి సగంలో ఏముందో మర్చిపోతాం. ఎక్కడైనా ఒకేలా కనబడాలని పుట్టినవారు కదా, మా ఫోన్ కోసం మీరెందుకు వంగుతారు? నచ్చిన వాక్యం కాపీ చేసి స్టేటస్ పెట్టుకుందామంటే, యూనికోడ్ కాని పాత అను ఫాంట్‌లో కొట్టిన పుస్తకమైతే తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాలూ, కామాలూ, డాలరు గుర్తులూ రాలతాయి. స్కాన్ పుస్తకమైతే అదీ లేదు, పేజీ అంతా ఒక బొమ్మే. చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో విందామంటే అది నోరు తెరవదు. మీ అవసరం నిజంగా ఉన్నవాళ్లకు మీరు పనికిరాకపోవడం, అక్కర్లేని మా ఫోన్లలో తిష్ఠ వేయడం చూస్తే మీకూ గవర్నమెంటు పథకాలకూ ఏదో బంధుత్వం ఉన్నట్టుంది.

2016 డిసెంబరులో అమెజాన్ వారు తమ ఈ-పుస్తకాల అంగడి కిండిల్‌లో ఐదు భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టారు. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. జాబితాను వెనక నుంచి చదివినా తెలుగు లేదు. ఆత్మగౌరవం పేరు మీద తొమ్మిది నెలల్లో ప్రభుత్వాన్నే మార్చేసిన జాతి ఎలా ఊరుకుందని మీకు అనుమానం రావచ్చు. మేం గమనించలేదు. ఏ అంగట్లో ఏ పుస్తకం లేదో కొనేవాళ్లకు కదా తెలిసేది.

ఇక మా రచయితలు. మొదటి ముద్రణ వెయ్యి కాపీలంటే గొప్ప, చాలాసార్లు ఐదొందలే. అచ్చు ఖర్చు తరచుగా రచయిత జీతంలోంచే. అమ్ముడుపోనివి మంచం కింద. అందులోనూ ఆయన కూడా మిలీనియలే, మా గ్రూపులోనే ఉంటాడు. ఆయనతో మా సంభాషణ ఎప్పుడూ ఒకేలా సాగుతుంది.

'అన్నా, మీ పుస్తకం గురించి చాలా గొప్పగా విన్నాను. పీడీఎఫ్ ఉందా?'

'పుస్తకం షాపుల్లో ఉంది తమ్ముడూ. పోస్టులో కూడా పంపిస్తాను.'

'అయ్యో, ఇంట్లో చోటు లేదన్నా. త్రీ బీహెచ్‌కే.'

రెండు రోజులు ఆగి, ఎవరూ చదవకపోవడం కంటే ఇది నయమనుకుని ఆయనే పంపిస్తాడు. మేం రెండు చేతులూ జోడించిన బొమ్మ పెడతాం. వెంటనే ఇంకో మెసేజ్: 'అన్నా, మీ పాత పుస్తకాలవి కూడా ఉంటే ఒకేసారి పంపించండి. సెట్ పూర్తవుతుంది.'

ఇప్పుడు అసలు విన్నపం. మీ తర్వాతి వెర్షన్‌లో చిన్న సదుపాయం ఒకటి పెట్టించండి. డౌన్‌లోడ్ నూరు శాతం కాగానే 'మీరు ఈ పుస్తకం చదవడం పూర్తి చేశారు, అభినందనలు' అని తెర మీద పడాలి. కింద మా పేరు, తేదీ. వీలైతే పుస్తకంలోంచి మంచి వాక్యం ఒకటి, ఎక్కడ అతికించినా తెలుగే కనబడేలా యూనికోడ్‌లో. డిసెంబరు 31న 'ఈ ఏడాది నేను చదివిన పుస్తకాలు' అని జాబితా వేసేటప్పుడు గుర్తుతెచ్చుకోవడం మహా కష్టంగా ఉంది. పోయినేడాది ఒకాయన జాబితాలో ఫ్రిజ్ మాన్యువల్ కూడా వచ్చేసింది. దానికీ లైకులు బాగానే పడ్డాయి.

ఇట్లు,
తమ బ్యాచ్‌మేటు,
స్టోరేజ్ ఫుల్ అయిన ఒక పాఠకుడు