చిల్లర దొరకని దేశభక్తి

సరిహద్దుల గురించి ఢిల్లీ పెద్దలు ఇక దిగులు పడక్కర్లేదు. నల్లగొండలో మా బామ్మర్ది హాలు గోడ మీద మూడు ట్యాంకులు, రెండు యుద్ధ విమానాలు, ఒక విమాన వాహక నౌక మోహరించి ఉన్నాయి. సాగర్ డ్యామ్ కంటే పెద్ద నీళ్లు చూడని జిల్లాకు విమాన వాహక నౌక ఎందుకని అడగకండి. సెట్‌లో వచ్చింది.

"సాయుధ దళాల స్మారక నోట్లు" అని వీటి పేరు. బంగారు రంగు రేకు మీద ఒక మూల సీరియల్ నంబరు, ఇంకో మూల "100" అన్న అంకె, మధ్యలో తుపాకీ పట్టుకుని టూత్‌పేస్టు ప్రకటనలో లాగా నవ్వుతున్న జవాను. సెట్ ఖరీదు ₹4,999. నంబరు చివర 786 రావాలంటే ఇంకో ఐదు వందలు. బామ్మర్ది అదీ కట్టాడు. నోటు మీద వంద అని ఉంది కదా అని తీసుకెళ్తే గడియారం సెంటర్‌లో చాయ్ కూడా పొయ్యరు.

మన దేశంలో బ్యాంకు నోటు వేసే హక్కు 1934 నాటి చట్టం ప్రకారం రిజర్వ్ బ్యాంకుది. రూపాయి నోటు కేంద్ర ప్రభుత్వానిది. ఈ రెండింటి సరసన మూడో సంస్థగా ఒక వాట్సాప్ నంబరు వెలిసిన సంగతి మనకే ఆలస్యంగా తెలిసింది. రిజర్వ్ బ్యాంకు కూడా 1969లో గాంధీ శతజయంతికి స్మారక నోట్లు వేసింది, జనం వాటితో ఉప్పూ పప్పూ కొనుక్కున్నారు. 1965 యుద్ధానికి యాభై ఏళ్లు నిండినప్పుడు ప్రభుత్వం అమర్ జవాన్ బొమ్మతో నాణెం వేసింది. ఇదంతా ఓపిగ్గా చెబితే "గవన్నీ పాత మోడల్ బావా" అని తేల్చేశాడు.

అమ్మినవాడు ఉక్రెయిన్‌ని కూడా సాక్ష్యం పిలిచాడట. నిజమే, యుద్ధం మొదలై ఏడాదైన సందర్భంగా 2023లో ఉక్రెయిన్ కేంద్ర బ్యాంకు 20 హ్రివ్నియాల నోటు వేసింది. ముందు వైపు జెండా ఎత్తుతున్న ముగ్గురు సైనికులు. వెనక్కి తిప్పితే కట్టేసిన రెండు చేతులు. నెత్తి మీద బాంబులు పడుతున్న దేశం వేసిన నోటు అట్లా ఉంటుంది. మా బామ్మర్ది నోటు వెనక్కి తిప్పితే కస్టమర్ కేర్ నంబరు ఉంది.

ప్రదర్శన సంగతి చెప్పకపోతే పాపం. ఆదివారం చుట్టాలందరినీ పిలిచాడు. ఫ్రేములోకి ఇంకా ఎక్కని ఒక నోటును చూపిస్తాడట. ముట్టుకోవాలంటే గ్లౌజులు కావాలి. ఇంట్లో దొరికినవి మా చెల్లె తలకు రంగేసుకునే ప్యాకెట్‌లోవి. అవి తొడుక్కుని, ఏసీ ఇరవై నాలుగు మీద పెట్టి, "నోటుకు చెమ్మ తగలొద్దు, ఎవ్వరూ గట్టిగ ఊపిరి పీల్చకుండ్రి" అన్నాడు. పిల్లలను వంటింట్లోకి తోలాడు. నన్ను మాత్రం దగ్గరికి రానిచ్చి, "చేతులు కడుక్కున్నవా బావా?" అని అడిగాడు.

"చూసెతందుకు చేతులెందుకురా?"

"గిది నోటు గాదు బావా. దేశం."

దేశాన్ని కనుబొమలు పీక్కునే చిన్న పట్టకారుతో ఎత్తాడు. ఫ్యాన్ గాలికి దేశం వణికింది. మూలన కూర్చున్న అత్తమ్మ కళ్లద్దాలు సవరించుకుని, "గీ నోటుకు కిరాణంల సక్కెర ఇస్తరా కొడుకా?" అని అడిగింది. ఆమెను తప్పుపట్టలేం. నిజాం హాలీ సిక్కా చెల్లకుండా పోవడం వాళ్ల నాయన చూశాడు. 2016 నవంబరులో పోపుల డబ్బాలోని ఐదు వందల నోట్లు చెల్లకుండా పోవడం ఆమే చూసింది. పుట్టినప్పుడే చెల్లని నోటును చూడటం మాత్రం ఆ ఇంట్లో ఇదే మొదలు.

చట్టం ఏమంటుందో కూడా చూడండి. 2017 చట్టం ప్రకారం అత్తమ్మ డబ్బాలో రద్దయిన నోట్లు పదికి మించి దొరికితే జరిమానా పదివేల దాకా, లేదా నోట్ల విలువకు ఐదింతలు, ఏది ఎక్కువైతే అది. అదే అసలు నోటును పోలిన కాగితం ఎవడైనా అచ్చేస్తే? పాత శిక్షాస్మృతిలో జరిమానా వంద రూపాయలు. కొత్త న్యాయ సంహితలో ధరలు పెరిగాయి కాబట్టి మూడు వందలు. రేకు మీది ట్యాంకు అసలు నోటును పోలినట్టా కాదా అన్నది వకీళ్లు తేల్చాలి. తేలినా, 786 కోసం వసూలు చేసిన ఐదు వందల్లోంచే జరిమానా కట్టి ఇంకా రెండు వందలు మిగుల్చుకోవచ్చు.

ఇంతలో తలుపు దగ్గరికి వాచ్‌మన్ వచ్చాడు, నీళ్ల ట్యాంకర్ వచ్చిందని చెప్పడానికి. ఆయన పదిహేడేళ్లు సైన్యంలో చేసి వచ్చినవాడు. అపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు, ఎవరికీ గుర్తుండదు. బామ్మర్దికి ఆ పూట గుర్తొచ్చింది. చెప్పులు బయట విప్పించి, లోపలికి పిలిచి, ఫ్రేము పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. "అద్దానికి చెయ్యి తగలనియ్యకు" అన్నాడు. ఆయన "సరే సార్" అన్నాడు.

నాకు నవ్వు అక్కడ ఆగిపోయింది. ఆ రేకు ముక్క అసలైనదేనని జీవితకాల ధ్రువపత్రం ఇచ్చారు, హోలోగ్రాం అంటించి మరీ. ఈ మనిషి మాత్రం బతికే ఉన్నానని ఏటేటా రుజువు చూపించాలి, లేకపోతే పింఛను ఆగుతుంది. డ్యూటీ దిగాక కౌలు చేలో పత్తి ఏరి ఏరి అరిగిన వేలు మిషన్ మీద పడదు. మళ్లీ పెట్టు, ఇంకో వేలు పెట్టు, రేపు రా. లడఖ్ చలిలో తుపాకీ పట్టుకున్నప్పుడు ఆ వేలు ఎవరిదని ఎవడైనా అడిగాడా? ఐదు వేలు పోసి జవాను బొమ్మ కొన్నవాడు ఆ జవానుకు కూర్చోమని కుర్చీ చూపించలేదు. కూలర్ పెట్టిస్తామని అసోసియేషన్ మీటింగ్‌లో అన్నప్పుడు ఖర్చు దండగని అడ్డుపడిందీ ఇతనే. సిగ్గుండాలి. గల్వాన్‌లో 2020 జూన్ 15న ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్ బాబుది పక్కనున్న సూర్యాపేట. సైనికుడంటే ఏమిటో ఈ గడ్డకు రేకుల మీద అచ్చేసి అమ్మాలా?

ఇదంతా మొహం మీదే అన్నాను. చుట్టాలు పకోడీల వైపు చూశారు. వాచ్‌మన్ చెప్పులేసుకుని ట్యాంకర్ పైపు పట్టుకోవడానికి వెళ్లిపోయాడు. బామ్మర్ది గ్లౌజులు విప్పి, కాసేపు ఊరుకుని, నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"కోపం జెయ్యకు బావా. వచ్చే నెల కమాండో సెట్ వస్తుంది, నీ పేరు మీద గూడ ఒకటి చెప్పిన. పైసలు ఫోన్‌పే జెయ్యి. వాళ్లు నోట్లు తీసుకోరంట."