శ్రీ 'ఏమీ లేదు' గారికి ఒక పళ్ళ ఆసుపత్రి గుమస్తా విన్నపం

బరంపురం,
గంజాం జిల్లా, ఒడిశా.

మహారాజశ్రీ 'ఏమీ లేదు' గారి సముఖానికి, నమస్కరించి రాయునది.

తమరికి నన్ను కొత్తగా పరిచయం చేసుకోనక్కరలేదు. ఈ ఊళ్ళో ఒక పళ్ళ డాక్టరమ్మ గారి దగ్గర, బయటి బెంచీకీ లోపలి కుర్చీకీ మధ్య ఉన్న చిన్న బల్ల వెనక కూర్చుని, వచ్చినవారి పేరు, వయసు, ఒంట్లో ఉన్న జబ్బులు, మింగుతున్న మందులు ఒక కాగితం మీద రాసే గుమస్తాను నేను. తమరు పొద్దున్న షట్టరు తీసింది మొదలు రాత్రి దించేదాకా నా బల్ల ముందుకు వస్తూనే ఉంటారు. ఇచ్ఛాపురం, కవిటి వైపు నుంచి వచ్చినవారి నోట "ఏటీ నేదు బాబూ" అనీ, ఇక్కడే పుట్టి పెరిగిన మా తెలుగు వీధులవారి నోట "ఏమీ లేదండీ" అనీ, ఒడియావారి నోట "కిచ్ఛి నాహిఁ" అనీ పలుకుతారు. 1936 ఏప్రిల్ 1న ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒడిశాలో చేరినప్పుడు ఎవరు ఎటు ఉండాలన్న దానిపై పెద్ద తగవే నడిచింది గాని, తమరు మాత్రం ఏ పక్షంతోనూ పేచీ లేకుండా రెండు వైపులా సమానంగా కాపురం పెట్టగలిగారు.

తమరిని అబద్ధం అనడానికి నాకు నోరు రాదు. అబద్ధమైతే పట్టుకోవడం తేలిక. "షుగరు ఉందా అమ్మా?" అని అడుగుతాను. "ఏమీ లేదు" అంటారు. "మందులేమైనా వాడుతున్నారా?" అంటే, "షుగరు బిళ్ళ వేసుకుంటాను, అందుకే లేదు" అంటారు. న్యాయశాస్త్రం చదివిన పండితుడికైనా దీనికి బదులు తోచదు. జబ్బు ఉన్నందుకు బిళ్ళ వేసుకుంటారు, బిళ్ళ వేసుకుంటున్నందుకు జబ్బు లేదు, లేని జబ్బును కాగితం మీద ఎలా రాస్తారు? అలాగే గుండెకు స్టెంటు వేయించుకున్నవారి లెక్కలో ఆ పని ఎప్పుడో అయిపోయింది, డబ్బు కూడా కట్టేశారు, కాబట్టి అది తీరిపోయిన అప్పు. తీరిన అప్పును కొత్త ఖాతాలో ఎవరూ చూపించరు.

వైద్యులు రోగులను ప్రమాదం పాలును బట్టి తరగతులుగా విడదీస్తారని తమరికి తెలిసే ఉంటుంది. 1941లో అమెరికాలో మత్తు వైద్యులు మొదలుపెట్టిన ఆ పద్ధతిలో ఏ జబ్బూ లేనివారు ఒకటో తరగతి, అదుపులో ఉన్న బీపీయో షుగరో ఉన్నవారు రెండు, జబ్బు బాగా ముదిరినవారు మూడు, ప్రాణానికి నిత్యం ముప్పు ఉన్నవారు నాలుగు. తమ దయవల్ల మా ఆసుపత్రికి వచ్చినవారంతా, డెబ్బై ఏళ్ళు దాటినవారితో సహా, ఒకటో తరగతిలోనే ఉత్తీర్ణులవుతున్నారు. ఇంతటి ఫలితాలు ఈ చుట్టుపక్కల ఏ బడిలోనూ రాలేదు.

అయితే అప్పుడప్పుడు నోరు తమ మాట వినదు. కిందటేడాది ఒక పెద్దాయన చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదికి ఎక్కుతున్నాయని వచ్చారు. బీపీ లేదన్నారు, మందు లేదన్నారు, నేనూ లేదని రాశాను. డాక్టరమ్మ గారు అద్దం పెట్టి ఒక్క నిమిషం చూసి, "తాతగారూ, బీపీ బిళ్ళ ఎన్నేళ్ళుగా వేసుకుంటున్నారు?" అని అడిగారు. ఆయన తెల్లబోయి, చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్ళుంటారని విన్నాను గాని చిగురు చూసి చెప్పేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నానన్నారు. ఎమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర కొందరిలో చిగుళ్ళను అలా పెంచుతుంది, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ కూడా అంతే. అడ్డపొగ తాగే ముసలమ్మల సంగతీ ఇలాంటిదే. చుట్ట ముట్టనంటారు, నిప్పు కొస లోపల పెట్టుకుని కాల్చీ కాల్చీ తెల్లబారి ఎర్ర చుక్కలు పొడిచిన అంగిలి మాత్రం నలభై ఏళ్ళ లెక్క ఒప్పజెపుతుంది.

కార్తీక సోమవారం నాటి సంగతి కూడా తమరికి గుర్తుండాలి. ఒకావిడ పొద్దున్న షుగరు మాత్ర వేసుకుని, ఉపవాసం గనుక ఏమీ తినకుండా, పైగా పన్ను పీకడమంటే ఆపరేషనే కదా, ఖాళీ కడుపుతో వెళ్ళాలనుకుని పదకొండింటికి వచ్చి కూర్చున్నారు. తిన్నారా అని అడిగితే తల ఊపారు, ఏమైనా జబ్బుందా అంటే తమ పేరు చెప్పారు. ఆవిడ కుర్చీ ఎక్కే లోపలే పైపెదవి మీద చెమట పోసింది, మాట ముద్దయింది, చేతిలో సంచి జారిపోయింది. వేలు గుచ్చి చూస్తే గ్లూకోజు 54. డెబ్బై కన్న తక్కువైతేనే ప్రమాదమని లెక్క. పంచదార నీళ్ళు తాగించగా పది పదిహేను నిమిషాలకు తేరుకుని ఆవిడ అన్న మొదటి మాట, "నా ఉపవాసం పాడు చేశారు" అని. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకున్నాక తిండి తప్పితే రక్తంలో చక్కెర పడిపోతుందనీ, అందుకే షుగరు ఉన్నవారిని ఉదయం పూట, ఫలహారం చేసి మందు వేసుకుని రమ్మంటామనీ నేను చెప్పబోయాను. శివుడి ముందు నా మాట చెల్లలేదు.

ఇక నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణానికి వస్తాను. రెండు నెలల కిందట ఒక మనిషి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి వచ్చాడు. యాభై దాటి ఉండవు. మే నెల ఎండలో పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర గుండీ కూడా పెట్టుకుని ఉన్నాడు. దవడ పన్ను వారం నుంచి సలుపుతోందట. నా ప్రశ్నలన్నిటికీ ఒకే జవాబు, తమ నామస్మరణ. బీపీ మిషను పట్టీ చుట్టుదామని ఎడమ చెయ్యి పట్టుకున్నాను. చొక్కా గుడ్డ కింద, మోచేతికి కాస్త దిగువన, నా వేళ్ళ కింద ఏదో గుయ్యిమంది. అగ్గిపెట్టెలో తుమ్మెదను పెట్టి మూస్తే అరచేతికి తెలిసే అదురు అది. ఆయన చెయ్యి లాక్కున్నాడు. నేను ఆయన ముఖం చూశాను, ఆయన నేల చూశాడు.

డయాలసిస్ చేయించుకునేవారికి ముంజేతిలో ధమనినీ సిరనూ కలిపి కుడతారు. రక్తం వడిగా తిరిగే ఆ చోట చెయ్యి వేస్తే అదురు తెలుస్తుంది. ఆ చేతికి బీపీ పట్టీ బిగించకూడదు, బిగిస్తే రక్తం గడ్డకట్టి ఆ దారి మూసుకుపోవచ్చు. నేను బిగించబోయింది సరిగ్గా ఆ చేతికే.

తరువాత ఒక్కొక్కటే బయటికి వచ్చింది. వారానికి మూడు రోజులు డయాలసిస్. ఆ రోజు తెల్లవారు జామున కూడా చేయించుకుని అటు నుంచి అటే బస్సెక్కి వచ్చాడు, ఊరికి రెండు సార్లు తిరగడం దండగని. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, దాని ప్రభావం కొన్ని గంటలు ఉంటుంది, అందుకే పన్ను తీయవలసి వస్తే మర్నాడు తీస్తారు. అదీ గాక వారం రోజులుగా మందుల షాపులో అడిగి డైక్లోఫినాక్ బిళ్ళలు పూటకొకటి మింగుతున్నాడు, మూత్రపిండాల జబ్బున్నవారు దూరం పెట్టవలసిన మందులలో అది ముందు వరసలోది. ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో దశాబ్దాలుగా మనుషులను తినేస్తున్న ఆ జబ్బుకు కారణం ఇదమిత్థమని ఇప్పటికీ తేలలేదు. అలాంటి జబ్బుకు పంటి నొప్పి పేరు చెప్పి ఇంకో కారణాన్ని మనమే చేర్చడం ఎందుకని డాక్టరమ్మ గారు మెల్లగా మందలించి, ఆ బిళ్ళ మాన్పించి పారాసెటమాల్ రాసి, కిడ్నీ డాక్టరుతో ఫోనులో మాట్లాడి మర్నాటికి రమ్మన్నారు.

"ముందే ఎందుకు చెప్పలేదయ్యా?" అని నేను అడిగాను. ఆయన బెంచీ వైపు చూసి గొంతు తగ్గించాడు. ఆ బెంచీ మీద వాళ్ళ పక్క ఊరివాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారట. కూతురికి సంబంధం చూస్తున్నారట. తండ్రికి కిడ్నీ అని తెలిస్తే ఆ ఇంటి నీళ్ళే అలాంటివని అవతలివాళ్ళు వెనక్కి తగ్గుతారట. అప్పుడు గాని నాకు తట్టలేదు, నేను పదేళ్ళుగా "కిడ్నీ జబ్బుందా? మూర్ఛలుందా? టీబీ ఉందా?" అని బెంచీ మీద ఉన్న పదిమందికీ వినపడేలా కేకలేసి అడుగుతున్నానని. కొత్త కోడలిని అత్తగారి ఎదుట "నెల తప్పిందా?" అని అడిగిన ఘనుణ్ణి కూడా నేనే, జవాబు అత్తగారు చెప్పారు.

కాబట్టి తమరి పెంపకంలో మా వాటా తక్కువేమీ కాదని ఒప్పుకుంటున్నాను. మొన్నమొన్నటిదాకా మా కాగితం ఇంగ్లీషులో ఉండేది. దాన్ని నేను ఒడియాలో చదివి, తెలుగులో అర్థం చెప్పి, జవాబు మళ్ళీ ఇంగ్లీషులో రాసేవాణ్ణి. ఇన్ని గుమ్మాలు దాటేసరికి "చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండెకు పాకింది" అన్న మాట "జ్వరం, చిన్నప్పుడు" అయి కూర్చునేది. పైగా సంతకం మొదటే పెట్టించుకునేవాళ్ళం, ప్రశ్నలు తరువాత. మందుల షాపువాళ్ళు కూడా తమకు బంధువులే. పది బిళ్ళల పట్టీలో నాలుగు కత్తిరించి ఇస్తే, కత్తెర సరిగ్గా పేరు ఉన్న చోటే పడుతుంది. రోగి సంచిలోంచి తీసి చూపించేది "పొద్దున్న తెల్లది, రాత్రి గులాబీది". ఏడాదికొకసారి ఎముకలకు వేయించుకునే ఇంజెక్షను సంగతి ఆ సంచిలో కూడా ఉండదు. అది వేయించుకున్నవారిలో కొందరికి పన్ను పీకిన చోట దవడ ఎముక మానకుండా బయటపడి ఉండిపోతుందని తెలిసినా, అడగని ప్రశ్నకు ఎవరు చెబుతారు?

తమరి పగవారు కూడా నాకు తమరంత బాధ పెడుతున్నారన్నది వేరే సంగతి. గుండె కవాటం మార్పించుకున్న ఒకాయన, అంతా దాచకుండా చెప్పాలనుకునే నిజాయితీపరుడు, "పన్ను పీకించుకోవాలి గనుక రక్తం పలచబడే మాత్ర నాలుగు రోజుల కిందటే ఆపేశాను" అని గర్వంగా చెప్పారు. ఎవరు ఆపమన్నారంటే, ఎదురింటాయన. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష, ఐ.ఎన్.ఆర్., విలువ 4 లోపల ఉంటే మామూలుగా పన్ను తీయడానికి ఆ మాత్ర ఆపనక్కరలేదనీ, గాయం దగ్గర కుట్టు వేసి దూది కరిపించి రక్తం ఆపవచ్చుననీ, మాత్ర ఆపినందువల్ల కవాటం మీద గడ్డ చేరితే దానికి దూది చాలదనీ డాక్టరమ్మ గారు చెబుతుంటే ఆయనకు చెమటలు పట్టాయి. ఆయనను ముందు గుండె డాక్టరు దగ్గరికి పంపారు. తిరిగి వచ్చిన రోజు, పన్ను తీయడానికి గంట ముందు 2 గ్రాముల అమాక్సిసిలిన్ మింగించారు, నోటి సూక్ష్మజీవులు రక్తంలో పడి కొత్త కవాటానికి పట్టకుండా. ఎదురింటాయనకు ఈ విషయం చేరిందో లేదో.

తమరు లేకపోతే మాకు వాయిదాలు పెరుగుతాయని కూడా ఒప్పుకోవాలి. బీపీ 180/110 దాటితే, ఆగలేని వాపో చీమో ఉంటే తప్ప, పన్ను పని మరో రోజుకు వేయాలి. తిమ్మిరి ఇంజెక్షనులో 80,000 పాళ్ళకు ఒక పాలు, బీపీని పెంచగల ఎడ్రినలిన్ ఉంటుంది, దానికి తోడు భయపడ్డ ఒళ్ళు తనంత తానే ఊరించుకునేది ఉండనే ఉంది. నిజం చెప్పినవాడికి వాయిదా, తమ పేరు చెప్పినవాడికి వెంటనే పని, ఈ లెక్క తెలిశాక బస్సు చార్జీ పెట్టుకుని వచ్చినవాడు ఏది ఎంచుకుంటాడో తమరికి నేను చెప్పాలా?

అయినా ఉద్దానం మనిషి వచ్చి వెళ్ళాక నేను కొన్ని మార్పులు చేశాను. నా బల్లను లోపలి గదిలోకి జరిపి తలుపు పెట్టించాను. "జబ్బుందా?" అని అడగడం మానేసి, "పొద్దున్న లేచింది మొదలు ఏమేమి మింగారు? సంచి ఇలా ఇవ్వండి" అంటున్నాను. "ఇంతకు ముందు పన్ను పీకితే రక్తం ఎంతసేపు కారింది? రెండు మేడ మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందా?" అని అడుగుతున్నాను. కాగితాన్ని తెలుగులోనూ ఒడియాలోనూ నేనే తిరగరాశాను. తమరికి కోపం రాకపోతే చెబుతాను, అందులోంచి "లేదు" అన్న గడిని పూర్తిగా తీసేశాను. ఇప్పుడు ప్రతి ప్రశ్నకూ మూడే గడులు: ఉంది, ఉండేది, తెలియదు.

నిన్న సాయంత్రం ఆ కొత్త కాగితాన్ని మొట్టమొదట ఒక రిటైరైన బడిపంతులు గారికి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, రెండు పుటలూ అక్షరం వదలకుండా చదివి, ఒక ప్రశ్నలో నేను చేసిన అచ్చుతప్పు దిద్ది, చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, చివరికి కాగితం మడిచి నా చేతికిచ్చారు. విప్పి చూశాను. గడులన్నీ ఖాళీగా ఉన్నాయి. అన్నిటికన్న అడుగున, డాక్టరమ్మ గారు సంతకం చేయవలసిన చోట, గుండ్రని ముత్యాల్లాంటి అక్షరాలతో తమ శుభనామం రాసి, కింద గీత కూడా గీశారు.

ఇట్లు,
తమ నిత్య లేఖకుడు,
చిట్టా రాసే గుమస్తా.